గాజు గోడల మధ్య ఒక ప్రాణి

సృష్టిలోని ప్రాణులను తన అవసరాలకు వాడుకునే అనుమతి మానవునికి ఉంది. ఆవు పాలిస్తుంది, ఎద్దు దున్నుతుంది, గుర్రం మోస్తుంది, చేప ఆహారమవుతుంది. ఇందులో వివాదం లేదు. కాని మనిషి కొన్ని ప్రాణుల్ని పాల కోసం కాదు, పని కోసం కాదు, తినడానికీ కాదు, కేవలం చూసి ఆనందించడానికి తెచ్చుకుంటాడు. పంజరంలో చిలుక, గూట్లో పావురం, గాజుతొట్టిలో చేప ఇలాంటివే. చూసుకోవడం కోసమే ఒక ప్రాణిని బంధించి ఉంచడం ధర్మసమ్మతమేనా? సమ్మతమే అయితే ఏ షరతులపై? ప్రశ్న పాతదే. కాని నగర జీవితం దానికి కొత్త కొత్త రూపాలు తెచ్చిపెడుతోంది. వాటిలో ఒకదాన్ని తీసుకుని ఆలోచిద్దాం.

కొండ మీద సముద్రం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల పేరు వినని తెలుగువారుండరు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పిన నాటికి ఆ పరిసరాలు చాలావరకు రాళ్ళగుట్టలే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసులో ఉన్న తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా ఇక్కడికి తరలివచ్చింది. గుట్టల మీద మేడలు లేచాయి. ఆ మేడల పక్కనే, అదే ఫిల్మ్‌నగర్‌లో, ఇరుకు సందుల బస్తీలూ వెలిశాయి.

ఇలాంటి మేడల్లో ఒకదాన్ని ఊహించండి. హాలులో గోడ పొడుగునా ఓ గాజుతొట్టి. అది మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీటి తొట్టి. లోపల పగడపు దిబ్బను పోలిన రాళ్ళు, రంగురంగుల చేపలు, నీలిరంగు దీపాల వెలుగు. దీన్ని రీఫ్ అక్వేరియం అంటారు. ఆ రాళ్ళ సందున ఒళ్ళంతా ముళ్ళున్న బంతిలాంటి ప్రాణి ఒకటి మెల్లగా కదులుతూ ఉంటుంది. అదే సీ అర్చిన్.

హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి చేరాలన్నా రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటి వెళ్ళాలి. అలాంటి చోట సముద్రాన్ని నిలబెట్టాలంటే ఏమేం కావాలో చూడండి. ముందు నీటిని ఆర్.ఓ. యంత్రంతో శుద్ధి చేయాలి. లీటరుకు దాదాపు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలపాలి. నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటినా తొట్టిలో నీరు 25 డిగ్రీల దగ్గర ఉండాలి, అందుకు చిల్లర్ కావాలి. అలలకు బదులు పంపులు, సూర్యుడికి బదులు దీపాలు వేళ తప్పకుండా నడవాలి. కరెంటు పోతే జనరేటరు అందుకోవాలి. సముద్రంలో అల్లాహ్ ఏర్పాటు చేసిన సమతూకాన్ని కొన్ని వందల లీటర్ల నీటిలో నిలబెట్టడానికి మనిషి ఇంత శ్రమ పడవలసి వస్తోంది. ఈ ఒక్క సంగతి చాలు, ఆ అసలు సముద్రం ఎంతటి అనుగ్రహమో గ్రహించడానికి!

ముళ్ళబంతి చేసే పని

తొట్టిలోకి సీ అర్చిన్‌ను తెచ్చేది అందం కోసమే కాదు. అది నాచును తింటుంది. రాళ్ళ మీద, గాజు మీద పేరుకునే నాచును గీకి గీకి శుభ్రం చేస్తుంది. అంటే అది ఆ ఇంట్లో జీతం లేని పనిమనిషి లాంటిది.

దాని నిర్మాణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దేహమంతా అయిదు భాగాల అమరికలో ఉంటుంది. నోరు అడుగుభాగాన ఉంటుంది, అందులో అయిదు పళ్ళు. ఆ దవడకు ‘అరిస్టాటిల్ లాంతరు’ అని పేరు. ముళ్ళ మధ్య నుంచి వందలకొద్దీ సన్నని గొట్టపు కాళ్ళు సాగుతాయి, వాటితోనే అది నడుస్తుంది, పట్టుకుంటుంది. కళ్ళు లేవు, తలకాయ లేదు, మెదడు లేదు. అయినా పొడుగు ముళ్ళ రకాల మీద మీ చేతి నీడ పడితే చాలు, ముళ్ళను ఆ దిక్కుకే తిప్పుతాయి! చల్లని సముద్రాల్లో బతికే ఎర్ర అర్చిన్లలో కొన్ని నూరేళ్ళు దాటి జీవిస్తాయని శాస్త్రజ్ఞులు 2003లో వెల్లడించారు. అండంలో శుక్రకణ కేంద్రకం, అండ కేంద్రకం ఏకమవడాన్ని 1870వ దశకంలో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మొదట గమనించింది ఈ ప్రాణిలోనే. మన పుట్టుక గురించి మనం తెలుసుకున్న దానిలో దీని వాటా కూడా ఉందన్నమాట.

ఇక సముద్రంలో దీని స్థానమేమిటో ఒక సంఘటన లోకానికి చాటింది. 1983 జనవరిలో పనామా తీరం దగ్గర పొడుగు ముళ్ళ నల్ల అర్చిన్లు చనిపోవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ మరణం కరీబియన్ సముద్రమంతా పాకింది. నూటికి తొంభైకి పైగా అర్చిన్లు తుడిచిపెట్టుకుపోయాయి. మేసేవి లేకపోయేసరికి నాచు విచ్చలవిడిగా పెరిగి పగడాలను కప్పేసింది. జమైకా తీరంలో 1970వ దశకం చివర సగానికి పైగా ఉన్న సజీవ పగడాల విస్తీర్ణం 1990వ దశకం తొలినాళ్ళకు మూడు శాతానికి పడిపోయింది. 1980 నాటి తుఫాను, మితిమీరిన చేపల వేట కూడా అందుకు తోడయ్యాయి. 2022లో కరీబియన్‌లో మళ్ళీ ఇలాంటి తెగులే వచ్చింది. ఆ మరుసటి ఏడాదికి ఎర్రసముద్రపు అఖబా సింధుశాఖలోనూ అర్చిన్లు గుట్టలుగా చచ్చిపోయాయి.

మనిషి కాలికి ముల్లుగా మాత్రమే తెలిసిన ప్రాణి ఒక దిబ్బనంతటినీ మోస్తోంది. ఆకాశాన్ని ఎత్తి తూకాన్ని స్థాపించామని, ఆ తూకంలో హద్దుమీరవద్దని రహ్మాన్ సూరా హెచ్చరిస్తుంది. అదే సూరా సముద్రాల నుంచి ముత్యాలూ పగడాలూ వెలువడటాన్ని దైవానుగ్రహంగా గుర్తుచేస్తుంది. పగడాన్ని అనుగ్రహమని ఒప్పుకున్నవాడు, దాన్ని కాపాడే ముళ్ళబంతిని అల్పమని ఎలా అనగలడు?

అనుమతి ఎంతవరకు?

కొందరు సోదరులు ఇలాంటి విషయాల్లో వెంటనే ‘హరామ్’ అనేస్తారు. అంత తొందర తగదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ చిన్న పిల్లవాడు. అతని దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) వారింటికి వచ్చినప్పుడు ఆ పిట్ట ఏమైందని పిల్లవాణ్ణి ముద్దుగా పలకరించేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. పిల్లవాడు పిట్టను ఉంచుకోవడాన్ని ఆయన (స) తప్పుపట్టలేదు. ఈ చిన్న ఉల్లేఖనం మీదే షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ ప్రత్యేకంగా ఓ పుస్తకం రాసి, దీని నుంచి అరవైకి పైగా పాఠాలు తీశారు. హింస లేకుండా, పోషణ లోపించకుండా ఉంటే పక్షిని ఉంచుకోవచ్చని పండితులు దీని ఆధారంగానే చెప్పారు.

అందాన్ని ఆస్వాదించడమూ తప్పు కాదు. పశువుల్ని సాయంత్రం ఇంటికి తోలుకొచ్చేటప్పుడు, ఉదయం మేతకు తోలేటప్పుడు వాటిలో మీకు అందముందని నహ్ల్ సూరా చెబుతుంది. గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు స్వారీకే కాదు, శోభకు కూడా అంటుంది. కాబట్టి తొట్టి ముందు కూర్చుని ఓ ప్రాణి నడకను చూసి సృష్టికర్తను తలచుకునేవాడి ఆనందాన్ని మనం పాపం అనలేం.

రెండు తలుపులు

అయితే అబూ ఉమైర్ పిట్ట ఉల్లేఖనాన్ని పిల్లి ఉల్లేఖనంతో కలిపి చదవాలి. ఓ స్త్రీ పిల్లిని కట్టి ఉంచింది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ లేదు. పిల్లి చచ్చిపోయింది, ఆమె నరకానికి పాత్రురాలైంది. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ఆమె ముందు రెండు తలుపులున్నాయి. ఒకటి పోషించడం, రెండోది విడిచిపెట్టడం. ఏ ఒక్కటి తెరిచినా ఆమె బయటపడేది. రెండూ మూసింది కనుకే పట్టుబడింది.

ఇప్పుడు జూబ్లీహిల్స్ మేడకు రండి. అక్కడి అర్చిన్ విషయంలో రెండో తలుపు మొదటి రోజే మూతపడింది. పిల్లిని వీధిలోకి వదిలితే బతుకుతుంది. పిట్టను కిటికీ తెరిచి వదలవచ్చు. అర్చిన్‌ను ఎక్కడికి వదులుతారు? దుర్గం చెరువులోనా, హుస్సేన్‌సాగర్‌లోనా? మంచినీటిలో అది బతకదు. దాని దేహానికి ఉప్పును అదుపు చేసుకునే శక్తి లేదు, చుట్టూ నీరు ఎలా మారితే లోపలా అలాగే మారుతుంది. ఏ సముద్రంలో పుట్టిందో తెలియని ప్రాణిని విశాఖ తీరానికి తీసుకెళ్ళి వదలడమూ మేలు కాదు. అక్కడి ప్రాణులకు కొత్త తెగుళ్ళు అంటవచ్చు.

విడిచిపెట్టే దారి లేనప్పుడు మొత్తం భారం మొదటి తలుపు మీదనే పడుతుంది. పోషణలో ఏ లోపమూ రాకూడదు. ‘చూద్దాం, కుదరకపోతే వదిలేద్దాం’ అన్న మాట పిట్ట విషయంలో చెల్లుతుందేమో గాని ఇక్కడ చెల్లదు. ఈ ప్రాణిని ఇంటికి తెచ్చేముందే మనిషి తనను తాను లెక్క అడగాలి. తెచ్చిన తర్వాత అడిగితే ఆలస్యమే.

ఆ పోషణ అంత సులువూ కాదు. తొట్టి శుభ్రమైన కొద్దీ దాని తిండి తగ్గిపోతుంది. ఇంటివారు ‘అబ్బ, ఎంత తళతళలాడుతోంది!’ అని మురిసిపోతున్న వేళకే ఆ శుభ్రం చేసిన ప్రాణి పస్తులుండవచ్చు. ఎండబెట్టిన సముద్రపు నాచు తెచ్చి విడిగా పెట్టాలి. ఆకలితో ఉన్న ఆవు డొక్కలు కనిపిస్తాయి, అర్చిన్‌కు అలా కనిపించవు. దాని గట్టి డొప్ప ఎప్పటిలాగే గుండ్రంగా ఉంటుంది. లోపల కృశించిపోతూ నెలల తరబడి అలాగే ఉండగలదు.

ఒక అన్సారీ సహచరుని తోటలో ఓ ఒంటె దైవప్రవక్త (స)ను చూసి మూలిగి కన్నీరు కార్చింది. ఆయన (స) దాన్ని నిమిరి ఓదార్చి, యజమానిని పిలిపించి, దీన్ని పస్తులుంచి అలసిపోయేలా చేస్తున్నావని నాతో మొరపెట్టుకుంటోంది, నీ ఆధీనంలో ఉంచబడిన ఈ పశువు విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. అబూ దావూద్ గ్రంథంలో ఉందిది. ఒంటెకు కన్నీరుంది, గొంతుంది. అర్చిన్‌కు ఆ రెండూ లేవు. దాని ముళ్ళు ఒక్కొక్కటే రాలిపోతాయి, అదే దాని మొర. వినే చెవి యజమానికి ఉండాలి.

దానికి బాధ తెలుస్తుందా?

‘మెదడే లేని దానికి బాధేమిటి?’ అని కొందరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటికి మనలాంటి నొప్పి ఉందని శాస్త్రం తేల్చలేదు. కాని మన బాధ్యత దాని నొప్పి మీద మాత్రమే ఆధారపడి ఉందా? పూర్వ ప్రవక్తల్లో ఒకరిని చీమ కుట్టింది. ఆయన చీమల పుట్టనంతా తగలబెట్టించారు. కుట్టింది ఒక్క చీమైతే, తనను స్తుతించే ఒక సమూహాన్నే కాల్చావా అని అల్లాహ్ ఆయన్ని నిలదీశాడు. అక్కడ ప్రశ్న వాటికెంత మంట తగిలిందని కాదు, అవి ఎవరి సృష్టి, ఏ పనిలో ఉన్నాయన్నది. నేల మీద పాకేవీ, రెక్కలతో ఎగిరేవీ మీలాంటి సమూహాలేనని అన్‌ఆమ్ సూరా చెప్పింది. ప్రాణి విలువ దాని మెదడు బరువును బట్టి ఉంటే, మనలో పసికందుల విలువ, తెలివి తప్పినవారి విలువ ఏం కావాలి?

ఇంకొకరు మరో విధంగా వాదిస్తారు: ‘సముద్రపు వేటను తినడమే ధర్మసమ్మతం కదా, ఉంచుకోవడం అంతకంటే పెద్ద తప్పా?’ చేపలు తప్ప ఇతర సముద్ర ప్రాణుల్ని తినే విషయంలో హనఫీ, షాఫయీ పండితుల మధ్య భేదం ఉంది, దాన్ని అలా ఉంచుదాం. తినడం ఒక అవసరాన్ని తీర్చి అక్కడితో ముగుస్తుంది. ఉంచుకోవడం మాత్రం ప్రతి ఉదయం కొత్తగా మొదలయ్యే బాధ్యత. కోసేటప్పుడు కత్తిని పదును పెట్టుకోమని, ప్రాణికి బాధ తగ్గించమని బోధించిన ధర్మం, నెలల పాటు మెల్లగా చావనివ్వడాన్ని అనుమతిస్తుందా?

మన దేశ చట్టం కూడా ఇక్కడ గుడ్డిగా లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మనిషి తప్ప మిగిలిన ఏ ప్రాణినైనా జంతువుగానే లెక్కిస్తుంది. యజమాని తన జంతువుకు తగినంత తిండి, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడం నేరమంటుంది.

అందం వేరు, ఆడంబరం వేరు

సినిమా పరిశ్రమకు ప్రదర్శనే వృత్తి. సెట్టు వేస్తారు, చిత్రీకరణ అయ్యాక విప్పేస్తారు. అట్టగోడకు దానివల్ల వచ్చే నష్టం లేదు. కాని ప్రాణమున్న దాన్ని సెట్టు సామానులా చూడటం మొదలైతేనే ప్రమాదం. ఇది సినిమావారికి మాత్రమే అంటుకునే జబ్బు కాదు. పెళ్ళి పందిట్లో గాజు గిన్నెల్లో చేపపిల్లల్ని పెట్టి మర్నాడు పారబోసే మధ్యతరగతి కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. పాతబస్తీ మహబూబ్ చౌక్‌లో పిల్లల ముచ్చట కోసం పిట్టను కొని వారానికే మరచిపోయే మనకూ వర్తిస్తుంది. పక్కవాడికి ఆరడుగుల తొట్టి ఉంది కాబట్టి మనకు ఎనిమిది అడుగులది కావాలనుకునే ఆ పోటీనే తకాసుర్ సూరా ఎత్తి చూపింది, సమాధుల దాకా మనిషిని ఏమరుపాటులో ముంచేది అదేనని.

నీటి సంగతి కూడా ఆలోచించాలి. ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు శుద్ధి చేయడానికి అంతకంటే ఎక్కువ నీటిని బయటకు పంపుతుంది. హైదరాబాదు తాగేది చాలావరకు దూరాల నుంచి తెచ్చిన కృష్ణా, గోదావరి జలాలే. 2024 వేసవిలో ఈ నగరంలోనే జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. పారే ఏటి ఒడ్డున కూర్చుని వుజూ చేసినా నీరు వృథా చేయరాదన్న బోధ మనది. మేడ మీద సముద్రం నిండుతుంటే గోడ అవతలి బస్తీలో బిందె ఖాళీగా ఉంటే, ఆ తొట్టి యజమాని పొరుగువాని హక్కు గురించి ఏం జవాబిస్తాడు? యంత్రం వదిలిన నీటిని కనీసం గిన్నెలకు, నేల తుడవడానికి వాడుకునే ఏర్పాటైనా చేసుకోవచ్చు కదా!

సముద్రం వైపు నుంచి కూడా లెక్క ఉంది. ఏటా రెండు కోట్లకు పైగా సముద్రపు అలంకార చేపలు, కోటికి పైగా పగడపు ముక్కలు, దాదాపు కోటి ఇతర వెన్నెముక లేని ప్రాణులు ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2003లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. వాటిలో అత్యధిక భాగం సముద్రంలో పట్టినవే. కొన్ని దేశాల్లో సైనైడు చల్లి చేపల్ని స్పృహ తప్పించి పట్టే దురాచారమూ ఉంది. మన దేశంలో 2001 నుంచి పగడాలకు, సముద్రదోసకాయలకు, సముద్రగుర్రాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. మన్నారు సింధుశాఖలోని దిబ్బలను విరిచి తెచ్చిన రాయి మన హాలులో వెలుగుతుంటే, అది అలంకారమా, దొంగసొత్తా? మనుషుల చేతులు చేసిన పనుల వల్ల నేల మీదా సముద్రంలోనూ కల్లోలం తలెత్తిందని రూమ్ సూరా అన్నది ఎవరి గురించో వెతకనక్కర లేదు.

యజమాని, అమ్మకందారు, పనివాడు

తొట్టి ఒకరిదైనా దాని చుట్టూ ముగ్గురుంటారు. అమ్మేవాడు, కొన్నవాడు, నెలజీతానికి చూసుకునేవాడు. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారన్న ప్రవక్త (స) హితవు ముగ్గురికీ వర్తిస్తుంది.

‘దీనికి తిండే పెట్టనక్కర లేదు సార్, నాచు తిని బతికేస్తుంది’ అని చెప్పి అమ్మే వ్యాపారి, పైన పొడి ధాన్యం, అడుగున తడి ధాన్యం పెట్టి అమ్మిన మదీనా వర్తకుని దారిలోనే ఉన్నాడు. ఆ కుప్పలో చేయి పెట్టి చూసి, మోసగించేవాడు మావాడు కాడని దైవప్రవక్త (స) తేల్చి చెప్పారు. సరుకు లోపాన్ని దాచడం ఎలా మోసమో, దాని అవసరాన్ని దాచడమూ అలాగే మోసం.

యజమాని షూటింగు పేరుతో నెలల తరబడి ఊరు విడిచి వెళ్ళేవాడైతే, తన బదులు చూసేవాడికి పని నేర్పి, ఖర్చు ఇచ్చి, అధికారమూ ఇచ్చి వెళ్ళాలి. పనివాడికి ఇది అమానతు. ఆ జీతం ధర్మసమ్మతమే. చేపలకు జబ్బు వస్తే రాగి కలిసిన మందు పోస్తారు, అది అర్చిన్‌కు విషం. ఆ సంగతి తెలిసిన పనివాడు ‘సార్ పొయ్యమన్నారు’ అని ఊరుకోకూడదు, నోరు విప్పి చెప్పాలి. అది పగడపు ముక్కల్ని దొర్లిస్తోందని విసుగుపడి ‘తీసి బయట పారెయ్’ అని యజమాని అంటే, మర్యాదగానే కాదనాలి. దాన్ని సరిగా సాకగల మరో ఇంటికి చేర్చే దారి చూపాలి. ఆజ్ఞ ఇచ్చినవాడున్నాడని ఆజ్ఞ పాటించినవాడి లెక్క మాసిపోదు.

తెచ్చుకోక ముందు

ఇంత చెప్పాక కూడా ఎవరికైనా ఆ కోరిక ఉంటే, కొన్ని విషయాలు సరిచూసుకోవాలి. తొట్టి కొత్తదై ఉండకూడదు, నెలల పాటు నడిచి నాచు పట్టినదై ఉండాలి. తెచ్చిన ప్రాణిని ఒక్కసారిగా నీటిలో వేయక, తొట్టి నీటిని బొట్టుబొట్టుగా కలుపుతూ అలవాటు చేయాలి. నాచు తగ్గిన రోజు నుంచే విడి మేత పెట్టాలి. ఎక్కడ నుంచి, ఎలా పట్టి తెచ్చారో అమ్మేవాడిని అడగాలి, జవాబు రాకపోతే కొనకూడదు. వీలైనంతవరకు తొట్లలోనే పుట్టి పెరిగిన వాటిని ఎంచుకోవాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపల వంటి వాటికి ఆ పద్ధతులు ఎప్పుడో రూపొందించారు. ఇవేవీ కుదరనివారికి విశాఖ రాతితీరాలు ఉండనే ఉన్నాయి. ఆటు సమయంలో నీటిగుంటల పక్కన కూర్చుంటే నల్లని అర్చిన్లు తమ ఇంట్లో తాము మేస్తూ కనిపిస్తాయి. పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళి చూపండి. కరెంటు ఖర్చు లేదు, పరలోకంలో లెక్కా లేదు!

సారాంశం ఇది: ప్రాణిని ఉంచుకోవడం నిషేధం కాదు, అలాగని ఉచితమూ కాదు. దాన్ని విడిచిపెట్టే దారి ఎంత ఇరుకైతే పోషించే బాధ్యత అంత పెరుగుతుంది. గొంతు లేని ప్రాణి విషయంలో మనిషిని గమనించే సాక్షి లోకంలో ఎవరూ ఉండరు. అది ఫిర్యాదు చేయదు, పొరుగువాడు అడగడు, పోలీసు రాడు. అందుకే మన దైవభీతి ఎంతటిదో అక్కడే తేలుతుంది. మన ఆధీనంలోకి వచ్చిన ప్రతి ప్రాణి విషయంలో న్యాయంగా మెలిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! (ఆమీన్)